పాప వెంట ఒక రోజు

పిల్లలను దూరపు కాలేజీలలో చేర్చి, హాస్టలులో దింపి, కళ్ళు తుడుచుకుంటూ ఇంటికి తిరిగి వచ్చిన తల్లిదండ్రులు మా పాఠకులలో చాలామందే ఉన్నారు. వారికి ఒక సంగతి బాగా తెలిసి ఉంటుంది. ఫోనులో "ఎలా ఉన్నావమ్మా?" అని అడిగితే "బాగున్నా" అంటారు. "ఏం చేస్తున్నావు?" అంటే "ఏం లేదు, చదువుకుంటున్నా" అంటారు. అంతటితో మాటలు అయిపోతాయి. ఆ "ఏం లేదు"లో ఏముందో ఒకసారి దగ్గరుండి చూడాలనే కోరిక మాకు చాలా కాలంగా ఉంది. 2025 జనవరి మొదటి వారములో, సంక్రాంతి సెలవులకు ముందు, ఆ అవకాశం దొరికింది.

మా తమ్ముని కూతురు బాపట్ల వ్యవసాయ కళాశాలలో బి.యస్సీ. అగ్రికల్చర్ మూడవ సంవత్సరం చదువుతోంది. ఇంట్లో అందరికీ ఆమె "పాప". ఇరవై ఏళ్ళు వచ్చినా పాపే. ముందు రోజు రాత్రి మేమిద్దరము గుంటూరులో బస్సెక్కి, పొన్నూరు మీదుగా బాపట్ల చేరి, తెలిసిన వారింట బస చేశాము.

నిజం చెప్పాలంటే మేము కేవలం చూడటానికి వెళ్ళలేదు. తమ్ముడు మాకొక పని అప్పగించి పంపాడు. అది చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

తమ్ముడిది పల్నాడులో ఒక పల్లె. రెండెకరాలు సొంతం, మరో మూడెకరాలు కౌలు. 2021లో ఐదెకరాలూ మిరప వేశాడు. ఆ ఏడు మిరప రైతుల సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది. పూత నిండా నల్ల తామర పురుగు పడింది. పూత రాలిపోయింది, కాయ వంకర తిరిగింది. ఎందరో రైతులు తోటలు పీకేశారు. తమ్ముడు కూడా ట్రాక్టరు పెట్టి దున్నించేశాడు. అప్పుడు పాప ఇంటర్మీడియెట్ రెండవ సంవత్సరం. పండుగ సెలవులకు వచ్చిన రోజునే ఆ ట్రాక్టరు తిరిగింది. ఆ ఏడు డాక్టరు సీటు పరీక్షలో పాపకు చాలినంత ర్యాంకు రాలేదు. లాంగ్ టర్మ్ కోచింగుకు పంపుతానని తండ్రి, వద్దు వ్యవసాయ కాలేజీలో చేరతానని కూతురు. "నేను మట్టిలో పడి ఏడుస్తున్నది చాలదా?" అన్నాడు తమ్ముడు. చిత్రమేమిటంటే ఆ సీటు రైతు కోటాలో రావాలంటే ఆయన పొలం కాగితాలే కావాలి. పాసు పుస్తకం తీసి ఇచ్చాడు, సంతకం పెట్టాడు. మాట మాత్రం తగ్గించేశాడు. అప్పటినుండి కూతురికి ఫోను చేస్తే "డబ్బులు అందినయ్యా?" అని మాత్రమే అడుగుతాడు.

ఇప్పుడు పాప ఎం.యస్సీ. కూడా చదువుతానంటోంది. అదీ కీటక శాస్త్రములో. బ్యాంకులలో వ్యవసాయ అధికారి ఉద్యోగాలకు పరీక్షలు జరుగుతాయి కదా, వాటికి కోచింగు తీసుకోమని తండ్రి. "పురుగుల చదువు చదివిందని సంబంధాల వాళ్ళకు ఎట్లా చెప్పను వదినా? మీరైనా నచ్చచెప్పండి" అన్నాడు. సరేనన్నాము. సంచిలో సున్నుండలు, నోట్లో ఆ మాట పెట్టుకుని బయలుదేరాము.

ఉదయం ఆరుకు హాస్టలు గేటు దగ్గరకు వెళ్ళేసరికి మంచు ఇంకా విడలేదు. అది ఆడపిల్లల హాస్టలు గనుక మాలో ఆడమనిషికి మాత్రమే లోనికి ప్రవేశము. రెండవ వారు వాచ్‌మన్ ప్రక్కన బల్ల మీద కూర్చొని, గంటసేపు ఆయన మోకాళ్ళ నొప్పుల చరిత్ర విన్నారు. అందుచేత ఈ భాగము మాలో ఒకరు చూసి చెప్పినది.

పాప గదిలో లేదు. వంటశాల దగ్గర కూరగాయలు తూయిస్తోంది. ఆ హాస్టలు మెస్సును పిల్లలే నడుపుకుంటారు. నెలకు కొందరు చొప్పున బాధ్యత తీసుకుని, సరుకులు కొనించి, నెలాఖరుకు అయిన ఖర్చును తలలకు పంచుతారు. ఈ నెల మన పాప వంతు. జుట్టు ముడి వేసుకుని, చెవి వెనక పెన్ను పెట్టుకుని, వంకాయల బుట్ట ముందు గొంతు కూర్చొని ఉంది. "పెద్దమ్మా!" అని లేచి వచ్చి పట్టుకుంది గాని, చేతిలో వంకాయ వదలలేదు. దానికి ఒక చిన్న రంధ్రముంది. కోసి చూస్తే లోపల గులాబి రంగు పురుగు. మనమైతే ఆ కాయను అవతల పారేస్తాము. పాప పరుగెత్తి ఒక సీసా తెచ్చి, పురుగును కాయ ముక్కతో సహా అందులో వేసి, మూతికి పలుచని గుడ్డ కట్టింది. వంటావిడ నుదురు కొట్టుకుంది. "మా మెస్సులో మనుషులకన్న ముందు పురుగులకు భోజనం పెడుతుందమ్మా ఈ పిల్ల" అని మాతో ఫిర్యాదు చేసింది. నాలుగు రోజులు మేపితే అది గూడు కట్టుకుంటుందట. తరువాత తెల్లని రెక్కల మీద గోధుమ మచ్చలున్న చిన్న పురుగై బయటకు వస్తుందట. పాపకు అది కావాలి, ఎందుకో తరువాత చెబుతాము.

స్నానాల గదుల దగ్గర బకెట్లు వరుసలో ఉన్నాయి, మనుషులు లేరు. ఎవరి బకెట్టు ఎవరిదో అందరికీ తెలుసు. పాప తన వంతు వచ్చేలోపు రికార్డులో రెండు బొమ్మలు వేసింది, ఉప్మా తిన్నది, స్నేహితురాలి జడ వేసింది. ఏడున్నరకు సైకిళ్ళ గుంపు గేటు దాటింది. మాకోసం ఒకమ్మాయి తన సైకిలు వదలి మాతో నడిచి వచ్చింది. దారిలో కళాశాల కథ చెప్పింది. అది స్వాతంత్ర్యానికి రెండేళ్ళ ముందు, 1945లో మొదలయిందట. 1964లో వ్యవసాయ విశ్వవిద్యాలయము ఏర్పడింది, 1996లో దానికి ఆచార్య ఎన్.జి. రంగా గారి పేరు పెట్టారు. ఇప్పుడు ఆ విశ్వవిద్యాలయము గుంటూరు ప్రక్కనున్న లాం నుండి నడుస్తోంది.

మేము చూసిన వాటిలో మాకు అన్నిటికన్న నచ్చినది పొలం. ఆ పిల్లలకు పంట పండించడం కూడా ఒక పాఠమే, దానికీ మార్కులున్నాయి. ఇద్దరిద్దరికి ఒక చిన్న మడి ఇచ్చి, దుక్కి నుండి కోత వరకు వారి చేతనే చేయిస్తారు. పాపకూ ఆమె జంట అమ్మాయికీ రెండు సెంట్లు వచ్చింది. అందులో వేరుశనగ వేశారు. సాలుకు సాలుకు ఇరవై రెండున్నర సెంటీమీటర్లు, మొక్కకు మొక్కకు పది. స్కేలు పెట్టి గీసినట్టున్నది. నెల రోజుల పైరు, పసుపు పచ్చని పూత మీద ఉంది. ఆ రోజు పని జిప్సం వేయడం. "ఎకరానికి రెండు వందల కిలోలు, మన రెండు సెంట్లకు నాలుగు కిలోలు" అని పాప లెక్క చెప్పి, త్రాసులో తూచి, చెరి సగం పంచుకున్నారు. మొక్కల మొదళ్ళ దగ్గర చల్లి, మట్టి ఎగదోశారు.

పూత దశలోనే ఎందుకు వేయాలని అడిగాము. వేరుశనగ పూవు పైన పూసినా కాయ భూమిలో కాస్తుంది కదా. పూవు నుండి ఊడ దిగి మట్టిలోకి పోతుంది, దాని చివర కాయ ఊరుతుంది. ఆ కాయకు కావలసిన సున్నము వేరు ద్వారా వచ్చేది చాలదట, కాయే చుట్టూ ఉన్న మట్టి నుండి తీసుకుంటుందట. అది అందకపోతే కాయ పైకి బాగానే కనబడుతుంది గాని ఒలిస్తే లోపల గింజ ఉండదు. ఊడలు దిగాక ఇక మట్టిని కదపకూడదు. కాబట్టి చేయవలసినదంతా ఈ వారమే. ఇన్నేళ్ళుగా వేరుశనగ కాయలు ఒలుచుకు తింటూ, లొట్ట కాయ తగిలితే కొట్టువాడిని తిట్టుకున్నామే గాని దానికి ఇంత కథ ఉందని మాకు తెలియదు.

ప్రక్క మడిలో కలుపు తీస్తున్న ఒక పెద్దావిడ చాలాసేపు చూసి, ఊరుకోలేక లేచి వచ్చింది. "నడుము విరిగేట్టు వంగుతున్నావు, కాలు ముందుకెయ్యి పిల్లా" అని పాప చేతిలోని చిన్న పార తీసుకుని చేసి చూపించింది. పాప అలాగే చేసింది. ఆవిడ ఇచ్చిన మార్కులు ఏ కాగితం మీదా ఎక్కవు. మాలో మగవారు కూడా ఉత్సాహపడి పార పట్టి రెండు సాళ్ళు ఎగదోశారు. అరచేతిలో లేచిన బొబ్బ వారం రోజులు ఉంది. సాళ్ళు మాత్రం వంకర పోయాయి, పిల్లలు మర్యాదకు ఏమీ అనలేదు.

పని అయ్యాక గట్టు మీద కూర్చొని పాప ఒక పుస్తకం తీసింది. విత్తనానికి ఎంత, దుక్కికి ఎంత, జిప్సానికి ఎంత, తాము చేసిన పనికి కూలి కట్టి అదీ ఎంత, అన్నీ వ్రాసి ఉన్నాయి. "మీ కూలి కూడా వ్రాయాలా?" అన్నాము. "వ్రాయాలి పెద్దమ్మా. నాన్న ఎప్పుడూ వ్రాయడు. తనదీ అమ్మదీ కలిపితే అసలు మిగులు ఎంతో తేలేది" అన్నది. మేము తెచ్చిన మాట చెప్పడానికి ఇదే సమయమనిపించింది. ఇంతలో జంట అమ్మాయి "టైమవుతోందే!" అని అరిచింది. గట్టు మీద చెప్పులు కూడా సరిగా తొడుక్కోకుండా ఇద్దరూ సైకిళ్ళెక్కారు.

తరువాత మధ్యాహ్నం వరకు తరగతులు. మేము చెట్టు క్రింద కూర్చొని సున్నుండలు తిన్నాము. దానిని గురించి వ్రాయడానికి ఏమీ లేదు.

మధ్యాహ్న భోజనానికి మమ్మల్నీ పిలిచారు, ఈసారి వార్డెను గారి దయవల్ల ఇద్దరినీ. ఉదయం తూచిన వంకాయలే కూరగా వచ్చాయి. అన్నం సన్నగా, తెల్లగా ఉంది. బాగుందని అంటే పిల్లలందరూ ఒక్కసారి మాట్లాడారు. "అది బి.పి.టి. 5204 అంకుల్! బి.పి.టి. అంటే బాపట్ల! 1986లో ఇక్కడి నుంచే వచ్చింది!" సాంబ మసూరి అని మనమందరము కొనుక్కునే బియ్యమే అది. కర్నూలు సోనా అన్నా, ఇంకో పేరు చెప్పి అమ్మినా చాలాసార్లు సంచిలో ఉండేది అదేనట. ఆ గర్వము చూస్తే వాళ్ళే ఆ వంగడాన్ని తయారు చేశారా అనిపించింది. వాళ్ళు అప్పటికి పుట్టనే లేదు.

రెండు గంటలకు కీటక శాస్త్రము ప్రాక్టికల్. ఉపాధ్యాయులు మంచివారు, మమ్మల్ని వెనుక బల్ల దగ్గర కూర్చోనిచ్చారు. ఆ రోజు పురుగుల పెట్టెలు చూపించవలసిన రోజు. ప్రతి విద్యార్థీ పురుగులను పట్టి, ఎండబెట్టి, సూది గుచ్చి, క్రింద పేరు, పట్టిన చోటు, తేదీ వ్రాసిన చీటీ పెట్టి, అడుగున థర్మోకోల్ వేసిన పెట్టెలో అమర్చాలి. వంకాయ పురుగు కథ ఇందుకే. పెంకు పురుగుకు సూది కుడి రెక్క మీద గుచ్చాలి, నడుమ గుచ్చితే మార్కు పోయినట్టే. సీతాకోకచిలుకకైతే రెక్కలు పరచి ఆరబెట్టాలి. పాప పెట్టెలో తూనీగలు, మిడతలు, గొల్లభామ, కొబ్బరి చెట్లను తొలిచే కొమ్ము పురుగు, బియ్యపు గింజంత అక్షింతల పురుగులు వరుసగా ఉన్నాయి. అక్షింతల పురుగు మనకు మిత్రుడట, పేనుబంకను తింటుందట. ఒక అబ్బాయి వానాకాలంలో పట్టి దాచుకున్న ఎర్రటి ఆరుద్ర పురుగును ముచ్చటగా మధ్యలో పెట్టాడు. "దీనికి కాళ్ళెన్ని?" అన్నారు ఉపాధ్యాయులు. వాడు లెక్కపెట్టి నాలుక కరుచుకున్నాడు. ఎనిమిది. కీటకానికి ఆరే ఉండాలి కదా. ఆరుద్ర పురుగు నల్లి జాతి. గదంతా నవ్వింది, వాడూ నవ్వాడు.

పాప పెట్టెలో ఒక మూల ఖాళీగా ఉంది. చీటీ ఉంది, పురుగు లేదు. చీటీ మీద "తామర పురుగు, మిరప" అని వ్రాసి, మా తమ్ముని ఊరి పేరు ఉంది.

"అది సూదికి ఆగదు పెద్దనాన్నా, రండి" అని పాప మమ్మల్ని సూక్ష్మదర్శిని దగ్గరకు తీసుకువెళ్ళింది. దీపావళికి ఇంటికి వెళ్ళినప్పుడు తండ్రి తోటలోనే మిరప పూలను దులిపి, చిన్న సీసాలో స్పిరిట్ పోసి తెచ్చిందట. ఇప్పుడు అద్దపు పలక మీద ఉంది. మేము ఒకరి తరువాత ఒకరము కన్ను పెట్టి చూశాము. మామూలు కంటికి ఒక నలుసు, మిల్లీమీటరు ఉంటే ఎక్కువ. అద్దంలో మాత్రం నల్లగా, పొడవుగా ఉంది. రెక్కలు రెక్కల వలె లేవు. సన్నని పుల్లకు రెండు వైపులా వెంట్రుకలు గుచ్చినట్టున్నాయి, పక్షి ఈకలాగ. మేము చాలాసేపు చూశాము. ఐదెకరాల తోటను, ఇంటి పరువును, తండ్రీ కూతుళ్ళ మాటలను మింగినది ఇదా అనిపించింది. కోపం రావలసినది. నిజానికి అది అందంగానే ఉంది, ఏమి చేస్తాము!

ఉపాధ్యాయులు దగ్గరకు వచ్చి నాలుగు మాటలు చెప్పారు. ఈ రకము మన దేశానిది కాదట, ఆగ్నేయాసియా నుండి వచ్చింది. ఇక్కడ మొదట కనబడింది 2015లో, బెంగళూరు వైపు బొప్పాయి మీద. 2021లో మిరప మీద పడింది. పాత తామర పురుగు ఆకు మీద ఎక్కువగా ఉండేది, ఇది పూవులోకి దూరుతుంది, అందుచేత పైన కొట్టిన మందు దానికి సరిగా తగలదు. భయంతో రైతులు మందు మీద మందు కొట్టారు. దానితో ఆ పురుగును తినే మిత్ర పురుగులు కూడా చచ్చాయి. పాప మాట్లాడకుండా వింటోంది. ఇదంతా ఆమెకు తెలిసినదే. ఆయన మాకోసం చెబుతున్నారు.

ఐదింటికి ఆట. పెద్ద చదువులకు వెళ్ళే పిల్లలు ఆటలు మానేస్తారని మాకొక అభిప్రాయం ఉండేది. పాప బాల్ బాడ్మింటన్ జట్టులో ఉంది. ఒక వైపు ఐదుగురు, పసుపు పచ్చని ఉన్ని బంతి. మా చిన్నతనములో ప్రతి హైస్కూలు ఆవరణలోను ఈ ఆట ఉండేది, ఇప్పుడు ఎక్కడా కనబడటం లేదని అనుకుంటున్నాము, ఇక్కడ బ్రతికే ఉంది. మన పిల్ల ఉదయం నుండి కూర్చున్నది లేదు. అయినా బంతి కోసం నేల మీద పడి లేచి, మోచేయి గీరుకుపోయి, "అవుట్ కాదు! అవుట్ కాదు!" అని అవతలి జట్టుతో పోట్లాడుతోంది. ఇంట్లో ఇంత గట్టిగా అరిచిన జ్ఞాపకం మాకు లేదు. ఓడిపోయారు. ఓడిపోయిన ఐదుగురూ కలిసి గేటు బయట బండి దగ్గర మిరపకాయ బజ్జీలు తిన్నారు, డబ్బులు మేమిచ్చాము.

ఎనిమిదింటికి గేటు మూస్తారు. ఏడున్నరకు వాచ్‌మన్ బల్ల మీద మేము ముగ్గురమూ కూర్చున్నాము. పాప ఒడిలో రికార్డు పుస్తకం ఉంది, ఇంకా మూడు బొమ్మలు వేయాలి. ఇక దాచి లాభం లేదని తమ్ముడు చెప్పమన్న మాట చెప్పాము. సంబంధాల వాళ్ళ సంగతితో సహా చెప్పాము.

పాప నవ్వుతుందనుకున్నాము. నవ్వలేదు.

"బ్యాంకు పరీక్ష కూడా వ్రాస్తాను పెద్దమ్మా, వ్రాయనని ఎప్పుడూ అనలేదు. నాన్న భయం తప్పని కూడా అనను. కాని ఆ ఏడు ఏం జరిగిందో మీకు సగమే తెలుసు. మొదట్లో అది ఏ పురుగో ఊళ్ళో ఎవరికీ తెలియదు. ఎవరు ఏది చెబితే అది కొట్టాం. ఆరు మందులు అయ్యాయి. ఏడో మందుకు అమ్మ గొలుసు కుదువ పెట్టారు. ఆ మందు డబ్బా ఇప్పుడు చూస్తే తెలుస్తుంది, మూడోసారి కొట్టిన మందే, వేరే పేరుతో. డబ్బా మీద చిన్న అక్షరాలతో వ్రాసే ఉంది. చదవడానికి నాన్నకు రాలేదు, నాకూ రాలేదు. నేను అప్పుడు బయాలజీలో కప్ప గుండె గురించి చదువుతున్నాను."

గొలుసు సంగతి మాకు తెలియదు. మరదలు మెడలో పసుపు తాడు చూసి, గొలుసు చేయించడానికి ఇచ్చిందేమో అనుకున్నాము. ఇంత దగ్గరివారమై ఉండి ఒక్కనాడైనా అడగలేదు.

అంతలో తమ్ముడే ఫోను చేశాడు. "చెప్పారా?" "చెప్పాము." "ఏమన్నది?" మాకు ఏమి చెప్పాలో తోచలేదు. "నీ కూతురు ప్రక్కనే ఉంది, నువ్వే అడుగు" అని ఫోను పాప చేతికి ఇచ్చేశాము. నచ్చచెప్పడానికి వెళ్ళిన పెద్దలు చేయవలసిన పని అది కాకపోవచ్చు.

కాసేపు అటూ ఇటూ మాట లేదు. తరువాత "తిన్నావా?" అన్నాడు. ఆ వాచ్‌మన్ గది దగ్గర రాత్రి పూట అంత నిశ్శబ్దము గనుక మాకూ వినబడుతోంది. "తిన్నాను నాన్నా." "డబ్బులు అందినయ్యా?" "అందినాయి." మళ్ళీ మౌనం. ఇక పెట్టేస్తాడనుకున్నాము. అప్పుడు మెల్లగా, ఏదో పరాయి రైతు సంగతి చెబుతున్నట్టు, "ఎకరం పెట్టిన మిరపలో... పూతలో మళ్ళీ నల్లగా కదులుతున్నయ్" అన్నాడు.

పాప ఒడిలో నుండి రికార్డు జారి క్రింద పడింది. తీయలేదు. "ఎన్ని ఉన్నాయి నాన్నా?" "ఎన్నేంది, ఉన్నయ్." "అట్లా కాదు. తెల్లవారగానే తోటలో నాలుగు మూలలా, నడుమ, తలా రెండు పూలు కొయ్యి. తెల్ల కాగితం మీద దులిపి లెక్కపెట్టు. ఎన్ని రాలినాయో చెప్పు. అప్పటిదాకా కొట్టుకు పోవద్దు, ఏ మందూ తేవద్దు. నీలం రంగు జిగురు అట్టలు పెట్టావా?" "పసుపువి పెట్టిన." "ఇవి నీలానికి వస్తాయి నాన్నా. నేను రేపు మా సారును అడిగి చెబుతాను. నత్రజని ఏమైనా వేశావా ఈ మధ్య?" ఆయన ఏదో చెప్పాడు. పాప రికార్డు వెనుక అట్ట మీద వ్రాసుకుంది. మాటలు అయ్యేసరికి వాచ్‌మన్ గేటు సగం మూసి నిలబడి ఉన్నాడు. ఎం.యస్సీ. మాట ఆ తండ్రి ఎత్తలేదు, కూతురూ ఎత్తలేదు.

పాప మా ఇద్దరి చేతులూ ఒకసారి గట్టిగా పట్టుకుని, పుస్తకం తీసుకుని లోనికి పరుగెత్తింది. బొమ్మలు మూడూ మిగిలే ఉన్నాయి.

మరునాడు ఉదయం మేము గుంటూరు బస్సెక్కాము. పొన్నూరు దాటుతుండగా ఫోను మ్రోగింది. వెనుక సైకిలు గంటలు, ఎవరో పిలుస్తున్న కేకలు.

"పెద్దమ్మా, నాన్న చేశాడు. పది పూలకు పద్నాలుగట. ఇంట్లో తెల్ల కాగితం దొరకలేదని పోయిన సంవత్సరం క్యాలెండరు తిరగేసి దాని మీద దులిపాడట. ఒక్కొక్క మూలకు ఎన్నో విడివిడిగా వ్రాసి పెట్టాడు కూడా. సరే పెద్దమ్మా, క్లాసుకు టైమయింది" అని పెట్టేసింది.